నిక్సన్ డైరీలో గిరి గారి పేరు ఎందుకు లేదు?

సోంపేట మనవరాలు:

అందరికీ నమస్కారం. ప్రశ్న కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మా తాతయ్య రాష్ట్రపతి భవన్‌లో బేరర్‌గా పనిచేశారు. 1966లో చేరి 1996లో రిటైరయ్యారు. ఆయన ఢిల్లీలో, నాన్నమ్మ పిల్లలతో సోంపేటలో. ఏడాదికి ఒకసారి, మహా అయితే రెండుసార్లు ఇంటికి వచ్చేవారట. వచ్చినప్పుడల్లా అక్కడి కబుర్లు చెప్పేవారు. ఆయన పోయి వచ్చే మార్గశిరానికి పదేళ్లు. అప్పటికి ఆయన మీద నలభై పేజీల చిన్న పుస్తకం అచ్చువేసి బంధువులకు పంచాలని నేనూ మా తమ్ముడూ అనుకున్నాం.

ఇంట్లో అందరికీ నోటికొచ్చిన కథ ఒకటుంది. నాన్న చెప్పే పద్ధతిలోనే రాస్తాను. "అమెరికా ప్రెసిడెంట్ నిక్సన్ వచ్చిన రాత్రి మీ తాతే వడ్డించాడు. అప్పుడు రాష్ట్రపతి మన తెలుగాయనే, మన బరంపురం గిరి గారు. బేరర్లంతా వంటింటి వెనక బొగ్గుల కుంపటి దగ్గర చేతులు కాచుకుని, తెల్ల గ్లౌజులు తొడుక్కుని లోపలికి వెళ్ళేవారట. చేతులు వణికితే గరిటె వణుకుతుంది, గరిటె వణికితే పులుసు అతిథి కోటు మీద పడుతుంది. ఆ భయం మీ తాతకి రిటైరయ్యేదాకా పోలేదు." ఈ కథ నేను కనీసం యాభైసార్లు విన్నాను.

పుస్తకంలో వేసేముందు తారీఖు సరిచూద్దామని కూర్చున్నాను. అమెరికాలో అధ్యక్షుడు రోజూ ఎన్ని గంటలకు ఎక్కడున్నాడో, ఎవరిని కలిశాడో రాసే డైలీ డైరీ ఉంటుందనీ, నిక్సన్‌ది ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుందనీ తమ్ముడు చెప్పాడు. వెతికితే 1969 జులై 31 పేజీలు దొరికాయి. నిక్సన్ ఢిల్లీలో దిగింది ఆ రోజే. ఆతిథ్యం ఇచ్చింది తాత్కాలిక రాష్ట్రపతి మహమ్మద్ హిదాయతుల్లా. గిరి గారి పేరు ఎక్కడా లేదు. మూడుసార్లు చదివాను.

నాన్నకు చెబితే, "అమెరికా వాళ్ళకి మన పేర్లు ఏం తెలుస్తాయి, తప్పు రాసుంటారు" అన్నారు. నాకు మాత్రం టెన్షన్ పట్టుకుంది. తాతయ్య అబద్ధం చెప్పే మనిషి కాదు. అలాగని తెలిసి తెలిసి తప్పు అచ్చువేయలేను.

నేను తెలుసుకోవాలనుకున్నవి ఇవి. ఆ డైరీ ఎవరు రాస్తారు? అందులో తప్పులుంటాయా? గిరి గారు ఆ రోజు ఎక్కడున్నారు? విందులో వడ్డించిన వాళ్ళ పేర్లు ఏ దేశం కాగితాల్లోనైనా ఉంటాయా?

కాగితాలవాడు:

అమ్మా, నేను తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. నిజాం కాలం ఫర్మానాల నుంచి మొన్నటి జీవోల దాకా దుమ్ము దులిపిన చేతులు ఇవి. అమెరికా డైరీ సంగతి అది చూసినవాళ్ళు చెబుతారు. గిరి గారి సంగతి నేను చెబుతాను.

డైరీలో తప్పు లేదు. 1969 మే 3న రాష్ట్రపతి జాకిర్ హుసేన్ పదవిలో ఉండగానే కన్నుమూశారు. ఉపరాష్ట్రపతి వి.వి. గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. మీ నాన్నగారి మాటకు ఆధారం ఇక్కడుంది. ఆ వేసవిలో రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది నిజంగానే గిరి గారు. కానీ ఆయన రాష్ట్రపతి ఎన్నికలో తానే నిలబడదలచుకున్నారు. జులై 19న పద్నాలుగు బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సు మీద సంతకం పెట్టి, మరునాడే, అంటే జులై 20న రాజీనామా చేశారు.

రాష్ట్రపతీ లేరు, ఉపరాష్ట్రపతీ లేరు. అప్పుడు ఎవరు? ఈ చిక్కు వస్తుందని అప్పటికి రెండు నెలల కిందటే పార్లమెంటు ఒక చట్టం చేసి ఉంచింది. రెండు పదవులూ ఖాళీ అయితే సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి రాష్ట్రపతి బాధ్యతలు చూడాలని అందులో ఉంది. అలా జస్టిస్ హిదాయతుల్లా జులై 20 నుంచి ఆగస్టు 24 దాకా తాత్కాలిక రాష్ట్రపతిగా ఉన్నారు. నిక్సన్ వచ్చింది సరిగ్గా ఆ ముప్పై అయిదు రోజుల మధ్యలో.

ఆ ఎన్నికలో పోటీపడిన ముఖ్యులిద్దరూ తెలుగువాళ్ళే. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి, అనంతపురం జిల్లా ఇల్లూరు మనిషి. స్వతంత్రంగా నిలబడింది గిరి గారు. ఇందిరాగాంధీ ఆత్మప్రబోధం ప్రకారం ఓటేయమన్నారు, కాంగ్రెస్ నిలువునా చీలింది, గిరి గారు గెలిచారు. నిక్సన్ విందుకు కూర్చున్న రాత్రి ఈ ఇద్దరు తెలుగువాళ్ళూ ఓట్ల వేటలో ఉన్నారు. ఆ ఇంట్లో ఉన్నది మాత్రం మూడో మనిషి.

మీ తాతగారు అబద్ధం చెప్పారని నేను అనుకోను. ఎక్కడో ఒక ముడి తప్పు పడింది. ఆ ముడి ఏదో చూడాలి. ఆయన సొంత మాటల్లో ఏం చెప్పారు, మీ నాన్నగారి మాటల్లో ఏం చేరింది, విడదీసి రాయగలరా?

ఆస్టిన్ అక్క:

డైరీ సంగతి నేను చెబుతాను. నేను టెక్సస్‌లో ఒక యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేస్తాను. నిక్సన్‌కు ముందు అధ్యక్షుడైన జాన్సన్ కాగితాలున్న లైబ్రరీ మా ఊళ్ళోనే. సెలవు పెట్టుకుని మరీ అక్కడి రీడింగ్ రూంలో కూర్చున్న రోజులున్నాయి. నిక్సన్ డైరీ కూడా, కాలిఫోర్నియాలోని ఆయన లైబ్రరీ వాళ్ళు స్కాన్ చేసి పెట్టింది, చాలా చదివాను.

ముందు ఒక అపోహ తీసేయాలి. డైరీ అనగానే ఆయన రాత్రి కూర్చుని మనసులో మాట రాసుకున్నదనుకుంటాం. కాదు. దాన్ని అధ్యక్షుడు రాయడు. జాన్సన్ కాలంలో ఆఫీసు గది బయట కూర్చునే సెక్రటరీలు రాసేవాళ్ళు. నిక్సన్ వచ్చాక నేషనల్ ఆర్కైవ్స్ తరఫున వైట్‌హౌస్‌లో పనిచేసే సిబ్బంది తయారుచేశారు. భద్రతా సిబ్బంది రాసిన చిట్టాలు, టెలిఫోన్ ఆపరేటర్ల చిట్టాలు, అపాయింట్‌మెంట్ల జాబితాలు, ప్రయాణాల జాబితాలు అన్నీ ముందేసుకుని, ఒకదానితో ఒకటి పోల్చి, అచ్చు వేసిన ఫారం మీద టైపు చేసేవాళ్ళు. ఒకరి జ్ఞాపకం మీద ఆధారపడింది కాదు కాబట్టే దానికి అంత విలువ.

మీ దగ్గరున్న పేజీ మళ్ళీ తెరవండి. ఎడమవైపు రెండు గడులుంటాయి, మొదలైన సమయం, ముగిసిన సమయం. పక్కన ఫోన్ గడి. అందులో పి అని ఉంటే అధ్యక్షుడు చేసిన కాల్, ఆర్ అని ఉంటే ఆయనకు వచ్చిన కాల్. ఆ తర్వాత ఏం జరిగిందో ఒకే వాక్యం. అధ్యక్షుడు ఫలానా వారిని కలిశారు. అధ్యక్షుడు ఫలానా చోటి నుంచి ఫలానా చోటికి కారులో వెళ్ళారు, కారులో వెంట ఉన్నవాళ్ళు వీరు. విందులాంటి పెద్ద కార్యక్రమమైతే "అనుబంధం చూడుము" అని ఉంటుంది. పేర్ల జాబితా చివరి పేజీల్లో ఉంటుంది. చాలామంది మొదటి పేజీలు చదివి ఆపేస్తారు. అనుబంధాలు చదవండి, మనుషులుండేది అక్కడే.

చదవగా చదవగా ఆ పొడి వాక్యాల మీద నాకు ప్రేమ పుట్టింది. 1969 జులై 20 పేజీ చూడండి, గిరి గారు రాజీనామా చేసిన రోజే. వాషింగ్టన్‌లో రాత్రి పన్నెండుకు కొద్ది నిమిషాల ముందు ఒక వాక్యం ఉంటుంది. చంద్రుడి మీద ఉన్న ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్‌లతో అధ్యక్షుడు గ్రహాంతర సంభాషణ జరిపారు అని. టైపు చేసిన మనిషికి అంతకుముందు ఆ మాట వాడే అవసరం వచ్చుండదు. భోజనానికి వెళ్ళారు, ఫోన్ చేశారు అనే వరుసలోనే అది కూడా. నేను ఆ పేజీ ప్రింట్ తీసి నా బల్ల ముందు అంటించుకున్నాను.

ఇంకో పేజీ 1970 మే 9. కంబోడియాలోకి అమెరికా సైన్యం వెళ్ళింది, ఒహాయోలోని కెంట్ స్టేట్ యూనివర్సిటీలో కాల్పులకు నలుగురు విద్యార్థులు చనిపోయారు, వాషింగ్టన్ నిండా నిరసనకారులు. ఆ రాత్రి నిక్సన్‌కు నిద్ర లేదు. డైరీలో ఆ అర్ధరాత్రి ఫోన్ కాల్స్ వరుసలు వరుసలుగా, నిమిషాల తేడాతో. తెల్లారకముందే తన పరిచారకుడు మనోలో సాంచెజ్‌ను వెంటబెట్టుకుని లింకన్ మెమోరియల్‌కు వెళ్ళి అక్కడున్న కుర్రాళ్ళతో మాట్లాడారు. "ఆందోళనగా ఉన్నారు" అని ఎవరూ రాయలేదు. ఆ వరుసలు చూస్తే ఆ మనిషి నిద్రలేమి మనకే అర్థమవుతుంది.

తప్పులుంటాయా అని అడిగారు. పేర్ల స్పెల్లింగుల్లో ఉంటాయి, నిమిషాల్లో తేడాలుంటాయి. కానీ ఒక దేశాధినేత ఎవరనేది తప్పు రాయరు. నిక్సన్ పదవి పోవడానికి కారణమైన వాటర్‌గేట్ కుంభకోణం విచారణలో ఈ చిట్టాలు ఎంత పనికొచ్చాయో చూడండి. 1973 జులైలో నిక్సన్ తన గదుల్లో మాటలు టేపు చేయిస్తున్నాడని ఆయన దగ్గర పనిచేసిన బటర్‌ఫీల్డ్ బయటపెట్టాడు. మొత్తం 3,700 గంటల టేపులు. ఏ టేపులో ఏముందో ఎలా తెలుస్తుంది? ఫలానా రోజు ఫలానా గంటకు ఎవరితో కూర్చున్నాడో ఈ చిట్టాలు చెబుతాయి. 1972 జూన్ 20 ఉదయం తన ముఖ్య సహాయకుడు హాల్డెమన్‌తో 11:26 నుంచి 12:45 దాకా సమావేశమని కాగితం ఉంది. ఆ టేపు వింటే పద్దెనిమిదిన్నర నిమిషాలు చెరిగిపోయి ఉంది. మాట పోయింది గాని ఆ ఇద్దరూ ఆ గదిలో కూర్చున్నారన్నది పోలేదు.

ఖాళీలు కూడా ఉంటాయి, అది దాచను. 2021 జనవరి 6న వాషింగ్టన్‌లో క్యాపిటల్ భవనం, అంటే వాళ్ళ పార్లమెంటు, మీద దాడి జరిగిన రోజు ట్రంప్ డైరీలో మధ్యాహ్నం 1:21 నుంచి 4:03 దాకా ఏమీ లేదని అక్కడి పార్లమెంటు విచారణ కమిటీ తేల్చింది. రాసేవాళ్ళకు సమాచారం అందితేనే రాస్తారు కదా. నా మనసుకు మాత్రం ఆ పేజీ కష్టంగా ఉంటుంది. ప్రజల సొత్తు అది. 1978లో చేసిన చట్టం ప్రకారం, 1981లో రీగన్ పదవిలోకి వచ్చినప్పటి నుంచి అధ్యక్షుడి కాగితాలన్నీ ప్రజలవే, వాటిని సొంతమని ఇంటికి తీసుకెళ్ళకూడదు. అంతకుముందు అవి ఆయన సొంత ఆస్తి కిందే లెక్క.

వడ్డించినవాళ్ళ పేర్ల గురించి నిజం చెప్పాలి. అనుబంధంలో బల్ల దగ్గర కూర్చున్న అతిథుల పేర్లుంటాయి. వెనక నిలబడ్డవాళ్ళవి ఉండవు. అమెరికాలోనే అంత. ఢిల్లీలో వడ్డించిన మీ తాతగారి పేరు అందులో వెతక్కండి, దొరక్క బాధపడతారు.

గోల్ మార్కెట్:

నేను ఢిల్లీలోనే పుట్టి పెరిగాను. మా నాన్నగారు సెంట్రల్ గవర్నమెంట్ క్లర్కు, గోల్ మార్కెట్ క్వార్టర్స్‌లో మా చిన్నతనం. పైన పెద్దలు బాగా చెప్పారు. నేను ఒక్క మాట అడుగుతాను.

బొగ్గుల కుంపటి దగ్గర చేతులు ఎందుకు కాచుకున్నారు?

నిక్సన్ వచ్చింది జులై ఆఖరు రోజు. జులై ఆఖర్లో ఢిల్లీ ఎలా ఉంటుందో అక్కడ బతికిన వాళ్ళకు తెలుసు. వాన పడితే ఉక్క, పడకపోతే ఇంకా ఉక్క. మేము ఆరుబయట మంచాలేసుకుని, తడిపిన దుప్పటి కప్పుకుని పడుకునేవాళ్ళం. ఆ రోజుల్లో కుంపటి దగ్గరికి వెళ్ళి ఎవరూ చేతులు కాచుకోరు.

అదే జనవరి అయితే? పొద్దున్న పది దాకా పొగమంచు. స్కూలుకు వెళ్ళేటప్పుడు అమ్మ జేబులో వేడి వేడి ఉడికించిన గుడ్డు పెట్టేది, చేతులు వెచ్చగా ఉండాలని. వేళ్ళు వంగేవి కావు, పెన్ను పట్టుకోలేకపోయేవాళ్ళం.

ఇప్పుడు లెక్క చూడండి. 2000లో క్లింటన్ వచ్చేవరకు పదవిలో ఉండగా మన దేశానికి వచ్చిన అమెరికా అధ్యక్షులు ముగ్గురే. 1959 డిసెంబరులో ఐసెన్‌హోవర్, అప్పుడు రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్, మీ తాతగారు ఇంకా ఉద్యోగంలో చేరలేదు. 1969 జులైలో నిక్సన్, అప్పుడు హిదాయతుల్లా. 1978 జనవరి 1 నుంచి 3 దాకా కార్టర్. అప్పుడు రాష్ట్రపతి ఎవరు? నీలం సంజీవరెడ్డి. 1977 జులైలో ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. ప్రధాని మొరార్జీ దేశాయ్.

గిరి గారు రాష్ట్రపతిగా ఉన్న అయిదేళ్ళలో ఏ అమెరికా అధ్యక్షుడూ ఇండియాకు రాలేదు. తెలుగు రాష్ట్రపతి, అమెరికా అధ్యక్షుడు, చలి, ఈ మూడూ కలిసే రాత్రి ఒక్కటే, 1978 జనవరి మొదటి వారంలో. మీ తాతగారు చెప్పింది నిజం. పేర్లు ఎవరో తర్వాత అతికించారు.

సోంపేట మనవరాలు:

పొద్దున్న ఇది చదివి వంటింట్లో అలాగే నిలబడిపోయాను. పాలు పొంగిపోయాయి.

యాభైసార్లు విన్న కథలో చలి ఉందన్న సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదండీ. కుంపటి అంటే కథకు అందం అనుకున్నాను.

నాన్నకు చదివి వినిపించాను. ఆయన ఒప్పుకోలేదు. "గిరి గారనే చెప్పాడు, నాకు బాగా గుర్తు" అంటున్నారు. బరంపురం మాకు పక్కనే. ఆ రోజుల్లో మా వైపు గిరి గారంటే ఇంట్లో మనిషిని చెప్పుకున్నట్టు చెప్పుకునేవారు. అనంతపురం ఎక్కడ, సోంపేట ఎక్కడ. "మన తెలుగాయన" అని తాతయ్య అంటే నాన్న చెవికి అది గిరి గారిగానే వినబడి ఉంటుందా? నాన్నతో గట్టిగా వాదించలేను, ఈ మధ్యే గుండెకు స్టెంట్ వేశారు.

విశాఖలో మా మేనత్త ఉంది. నాన్న కంటే పెద్దది. అడిగి చెబుతాను.

కాగితాలవాడు:

మేనత్తగారిని అడిగేటప్పుడు ఒక జాగ్రత్త. "కార్టరా, నిక్సనా?" అని అడగొద్దు. అలా అడిగితే మీరు అందించిన రెండు పేర్లలో ఒకటి పట్టుకుంటారు. "తాతయ్య ఆ కబురు ఎప్పుడు వచ్చి చెప్పాడు? అప్పుడు ఇంట్లో ఏం జరుగుతోంది?" అని అడగండి. పెద్దవాళ్ళకు సంవత్సరం అంకె గుర్తుండదు. ఆ ఏడు ఎవరు పుట్టారు, ఎవరి పెళ్ళి, ఏ తుఫాను, అవి గుర్తుంటాయి. ఊళ్ళు తిరిగి పాత కాగితాలు సేకరించిన రోజుల్లో నేను తారీఖులు పట్టుకున్నది ఇలాగే.

ఇక మన దేశం కాగితాల సంగతి. మీ తాతగారిలాంటివాళ్ళ పేర్లు ఎక్కడో ఒకచోట తప్పకుండా రాసే ఉంటారు. ఆ రాత్రి డ్యూటీలో ఎవరున్నారు, ఎవరికి యూనిఫాం ఇచ్చారు, ఎవరికి ఓవర్‌టైం ఇచ్చారు అనే రిజిస్టర్లు లేకుండా ఏ ప్రభుత్వమూ నడవదు. చిక్కేమిటంటే కేంద్ర ప్రభుత్వ ఆఫీసుల్లో ఫైళ్ళను మూడు రకాలుగా విడదీస్తారు. ఎ, బి రకాలు భద్రంగా దాచాలి. సి రకం పదేళ్ళకు మించి ఉంచక్కర్లేదు. డ్యూటీ చిట్టాలు, ఓవర్‌టైం బిల్లులు సి లోకి పోతాయి. దేశాధినేతలు సంతకం పెట్టిన ప్రకటన ఉంటుంది, ఆ రాత్రి బల్ల తుడిచిన మనిషి పేరున్న కాగితం చిత్తుకు పోతుంది. నా ఉద్యోగంలో నన్ను అన్నిటికంటే కలచివేసింది ఇదే. చించేయడానికి కట్టలు కట్టి పెట్టిన మస్టర్ రోళ్ళ, అంటే హాజరు పట్టీల, ముందు కూర్చుని, కొన్నిటినైనా ఉంచుదామని పైవాళ్ళతో పోట్లాడాను. కొన్నిసార్లు గెలిచాను, ఎక్కువసార్లు ఓడిపోయాను.

అయినా మీరు వెతకాల్సినవి ఉన్నాయి. మొదట ఇంట్లో. సర్వీసు బుక్ నకలు, పెన్షన్ ఆర్డరు, గుర్తింపు కార్డు, ఆయన ఢిల్లీ నుంచి రాసిన ఉత్తరాలు. ఉత్తరాల మీద పోస్టాఫీసు ముద్రలో తారీఖు ఉంటుంది, అది ఎవరూ మార్చలేరు. తర్వాత, కార్టర్ డైరీ కూడా నిక్సన్ డైరీలాగే దొరుకుతుంది, ఆయన లైబ్రరీ అట్లాంటాలో ఉంది. జనవరి 1, 2, 3 పేజీలు తీయండి. ఢిల్లీ విందు ఎన్ని గంటలకు మొదలై ఎన్ని గంటలకు ముగిసిందో చూసి ఆ సమయం పుస్తకంలో వేసుకోండి. మూడోది, ఆ వారం తెలుగు పేపర్లు. ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ పాత సంచికలు పెద్ద లైబ్రరీల్లో ఉంటాయి. ఇక మన రికార్డుల చట్టం 1993లో వచ్చింది, ఇరవై అయిదేళ్ళు దాటి శాశ్వతంగా దాచదగ్గ కాగితాలు నేషనల్ ఆర్కైవ్స్‌కు చేరాలి. ఢిల్లీలో జన్‌పథ్ మీద ఆ భవనం. ఆర్టీఐ దరఖాస్తు కూడా వేయండి. "మా తాతగారి పేరు ఉందా" అని అడగకుండా, "1978 జనవరి 1 నుంచి 3 వరకు జరిగిన విందు ఏర్పాట్ల ఫైళ్ళ జాబితా ఇవ్వండి" అని అడగండి. పేరు అడిగితే లేదంటారు. జాబితా అడిగితే ఏదో ఒకటి ఇవ్వాలి.

ఆస్టిన్ అక్క:

కార్టర్ పేజీలు తీసేటప్పుడు గుర్తుంచుకోండి. ప్రయాణంలో ఉన్నప్పుడు డైరీలో గంటలు సాధారణంగా ఏ దేశంలో ఉంటే అక్కడి సమయం ప్రకారం ఉంటాయి. వాషింగ్టన్ సమయమనుకుని మీరు పదిన్నర గంటలు కలపొద్దు. ఆ యాత్ర కూడా చాలా పెద్దది. డిసెంబరు 29న బయల్దేరి వార్సా, టెహరాన్, ఢిల్లీ, రియాద్, అస్వాన్, పారిస్, బ్రసెల్స్. టెహరాన్‌లో డిసెంబరు 31 రాత్రి ఇరాన్‌ను సుస్థిరతకు దీవి అని పొగిడి, మరునాడు ఢిల్లీలో దిగారు. ఏడాది తిరిగేసరికి ఇరాన్ షా దేశం వదిలి పారిపోయాడు.

జనవరి 3 పేజీ తప్పకుండా చదవండి. ఆ రోజు పొద్దున్న కార్టర్ దంపతులు హర్యానాలోని దౌలత్‌పూర్ నసీరాబాద్ అనే పల్లెకు వెళ్ళారు. ఊరివాళ్ళు తర్వాత ఆ ఊరికి కార్టర్‌పురి అని పేరు మార్చుకున్నారు. డైరీలో అది రాకపోకల పద్దు. ఆ ఊళ్ళో మాత్రం ఈ రోజుకీ ఊరి పేరు.

సోంపేట మనవరాలు:

అత్తతో మాట్లాడాను. గంటన్నర. ఫోన్ స్పీకర్‌లో పెట్టి తమ్ముడు రికార్డు చేశాడు.

పెద్దాయన చెప్పినట్టే అడిగాను. "అత్తా, తాతయ్య ఆ కుంపటి కబురు ఎప్పుడు చెప్పాడు?" అన్నాను. అత్త ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఉప్పెన ఏడు సంక్రాంతికమ్మా. దివిసీమ కొట్టుకుపోయిన ఏడు. రైల్లో వస్తుంటే దారిపొడుగునా జనం ఆ ఉప్పెన కబుర్లే చెప్పారని, పీనుగులు గుట్టలు పడ్డాయని చెప్పి మీ తాత ఏడ్చాడు. ఆ తర్వాత మా అందరి మొహాలు చూసి, ఇంక అవి వద్దని ఈ కబురెత్తాడు."

దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19. ఆ తర్వాత వచ్చిన సంక్రాంతి 1978 జనవరిలో. కార్టర్ ఢిల్లీ వదిలింది జనవరి 3న. తాతయ్య సెలవు పెట్టుకుని పండక్కి బయల్దేరి ఇంటికి చేరారు.

నిక్సన్ అన్నాడా అని ఆఖర్న అడిగాను, ఉండబట్టలేక. "నిక్సనెవరే? వేరుశనగ చేలు పండించే మనిషని చెప్పాడు. అమెరికాలో రైతు కూడా రాజవుతాడటమ్మా, మనలాగే వేరుశనగ కాయలు కొట్టుకునే మనిషట, చూస్తే చాలా మామూలుగా ఉన్నాడు, నా కళ్ళలోకి చూసి థాంక్యూ అన్నాడు, అని చెప్పాడు." కార్టర్‌కు జార్జియాలో వేరుశనగ సాగు ఉండేదని నాకు ఇప్పుడే తెలిసింది.

ఆ థాంక్యూ సంగతి నాన్న ఎప్పుడూ చెప్పలేదు. ఆయనకు గుర్తులేదేమో. అప్పుడు నాన్నకు పద్దెనిమిది, ఊళ్ళో స్నేహితులతో పండగ హడావుడిలో ఉండేవాడు, సగమే విన్నాడని అత్త అంది. నిక్సన్ పేరు, గిరి గారి పేరు తర్వాత ఎప్పుడో పేపర్లు చదివి తనే కలుపుకున్నట్టున్నాడు. నాన్న మీద నాకు కోపం రాలేదు. తండ్రి ఏడాదికి పదిహేను రోజులు మాత్రమే కనబడే ఇంట్లో పెరిగిన పిల్లాడు, తండ్రి గురించి మిగిలిన కథను అంత గట్టిగా పట్టుకున్నాడు.

నిన్న రాత్రి కార్టర్ డైరీ పేజీలు ప్రింట్ తీసి నాన్న మంచం పక్కన పెట్టాను. పొద్దున్న చూస్తే కళ్ళజోడు పెట్టుకుని చదువుతున్నారు. సంజీవరెడ్డి గారి పేరు దగ్గర వేలు పెట్టి, "ఈయనైనా తెలుగాయనేలే" అన్నారు. ఇంకేమీ అనలేదు. కాసేపయ్యాక, "ఆ థాంక్యూ మాట పుస్తకంలో వెయ్" అన్నారు.

ఆర్టీఐ దరఖాస్తు తమ్ముడు రాస్తున్నాడు. అత్త దగ్గర రేకు పెట్టెలో తాతయ్య ఉత్తరాలు ఇంకా ఉన్నాయట, ఆదివారం విశాఖ వెళ్తున్నాను. ముద్రలు చదవగలిగేలా ఉంటే ఇక్కడ ఫొటోలు పెడతాను. కాగితాలవాడు గారూ, పాత ఇన్‌ల్యాండ్ లెటర్లు మడత దగ్గర చిరిగిపోకుండా ఎలా విప్పాలో కొంచెం చెప్పండి.

కాగితాలవాడు:

తొందరపడి విప్పొద్దు తల్లీ. ఏసీ గదిలోంచో, ఎండలోంచో తెచ్చిన వెంటనే తెరవకండి. రేకు పెట్టె మూత తీసి ఒక పూట గదిలో అలా ఉంచండి. చేతులు కడుక్కుని బాగా ఆరబెట్టుకోండి. ఉత్తరం శుభ్రమైన తెల్ల కాగితం మీద పెట్టి, రెండు చేతులతో, మడత వెంబడే నిదానంగా తెరవండి. అంటుకుపోయిన చోట లాగకండి, నీళ్ళు తగిలించకండి, అది అలాగే వదిలేసి మిగతాది చదవండి. చిరిగినా సెల్లోటేపు మాత్రం వేయొద్దు, పదేళ్ళకు పసుపెక్కి అక్షరాలను తినేస్తుంది. విప్పిన ప్రతి ఉత్తరానికీ రెండు వైపులా ఫొటో తీసుకోండి. ముద్ర ఉన్న వైపు ముందు తీయండి.

అత్తగారి రికార్డింగు కూడా రెండు మూడు చోట్ల దాచి పెట్టండి. ఫోనులో ఒక్కచోటే ఉంచకండి.